ముర్మాన్ తాగిన ఏడో నీళ్లు

ముర్మాన్ వైన్ బాన కడిగి పైకొచ్చి, చివరి కడుగు నీళ్లు ముంతెడు తాగాడంటే ఆ ఇంటివాళ్లు నిశ్చింతగా ద్రాక్ష తొక్కుకోవచ్చు. కడిగినవాడే ఆ నీళ్లు తాగి చూపించాలన్నది ద్రాక్షతోటల కాఖేతి సీమలో ఊళ్ల కట్టుబాటు. భూమిలో మెడదాకా పాతిన, నిలువెత్తు మనిషి దిగేంత బానలవి. నలభై ఏళ్లుగా నిచ్చెన వేసుకుని వాటిలోకి దిగుతున్నాడు. చెర్రీ బెరడు కుంచెతో గోడలు రుద్దడం, ఏడు నీళ్లు మార్చడం, ఏడోది వాసన చూసి తాగడం. పెళ్లీ పిల్లలూ అతనికి కుదరలేదు. ఉన్నదల్లా ఆ పేరే. చురుకైన పిల్లల్ని చూస్తే "ముర్మాన్ ముక్కు రా వీడిది" అనేవాళ్లు ఊళ్లో.

ఆ ముక్కు కాస్తా పోయింది. చలికాలంలో పది రోజులు జ్వరపడి లేచాక, పొయ్యి మీద రొట్టె మాడినా తెలియలేదు, వెల్లుల్లి నమిలినా తెలియలేదు. వస్తుందిలే అనుకున్నాడు. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. పిచ్చి మనిషి, పరువంతా ముక్కులోనే ఉందనుకున్నాడు.

చిన్ననాటి స్నేహితుడు ఎల్గూజా తోటకి మందు కొట్టడు, వైన్‌లో గంధకం కలపడు. తెల్ల ద్రాక్షని తొక్కలూ గింజలతో సహా బానలో పోస్తాడు. మూతకి బంకమట్టి మెత్తాక వసంతం దాకా ముట్టుకోడు. తీసేసరికి వైన్ టీ డికాషన్ రంగు తిరిగి ఉంటుంది. ఏ మందూ లేని వైన్‌కి బాన శుభ్రమే దిక్కు. ఆ ఏడాది కోతల ముందు ముర్మాన్ ఏడో నీళ్లు తాగాడు.

"ఎలా ఉన్నాయిరా?" అన్నాడు ఎల్గూజా.

"ఊట నీళ్లే."

ఎనిమిది నెలలుగా అతనికి అన్నీ ఊట నీళ్లే.

వసంతంలో మూత తీసిన రోజు చుట్టాలంతా వచ్చారు. మొదటి గిన్నె వైన్ బాన కడిగినవాడిదే. ముర్మాన్ గడగడా తాగి, "బంగారం రా!" అన్నాడు. రెండో గిన్నె తాగిన ఎల్గూజా ఉమ్మేశాడు. బూజు కంపు. ఏడాది కష్టం నేలపాలయింది.

"నన్ను నొప్పించలేక అబద్ధమాడకురా, వెర్రి నాయనా," అని ఎల్గూజా ముర్మాన్ భుజం తట్టి, కోడలు దారికో మీద విరుచుకుపడ్డాడు. మూతకి మట్టి మెత్తింది ఆమే. "పరాయి సీమ ఇమెరెతీ పిల్లని తెచ్చుకుంటే ఇంతే! మట్టి మెత్తడం కూడా నేర్పలేదా మీవాళ్లు? గాలి దూరింది!"

"ఎక్కడా సందు వదల్లేదు మావయ్యా. ముర్మాన్ బాబాయ్, మీరు పక్కనే ఉన్నారుగా, చెప్పండి."

అందరూ అతని వైపు తిరిగారు. నిజం నోటిదాకా వచ్చింది.

"వెంట్రుకంత సందు చాలమ్మా," అన్నాడు. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

దారికో ఏడవలేదు. అతను ఖాళీ చేసిన గిన్నె వంక చాలాసేపు చూసింది.

వారం తర్వాత ఆ బాన కడగడానికి మళ్లీ అతన్నే పిలిచారు. కడగడం అయ్యాక, ఎల్గూజా చూస్తుండగా దారికోనే ముంత అందించింది. ముర్మాన్ తాగి, "ఊట నీళ్లే," అన్నాడు.

"అవి పొద్దున బానలోంచి తోడిన మొదటి కడుగు నీళ్లు మావయ్యా. తేటపడ్డాక పక్కన పెట్టాను. వాసన చూడండి."

ఎల్గూజా ముంత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బూజు కంపుకి మొహం తిప్పేసుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"కిందటేడు చలికాలం ఆ జ్వరం వచ్చినప్పటి నుంచి."

తిడతాడని చూశాడు ముర్మాన్. తిట్టినా బాగుండేది.

"ఒక్క మాట చెప్పుంటే నీ పక్కన నిలబడి నేనే వాసన చూసేవాణ్ణి కదరా. మూడో కంటికి తెలిసేది కాదు. నీ ఎదురుగా ఈ పిల్లని అన్నేసి మాటలన్నాను. నిలబడి విన్నావు."

ఎల్గూజా ముర్మాన్ చేతిలోని కుంచె తీసుకుని, తనే బానలోకి దిగాడు.

"దారికో, నువ్వు పైన ఉండి వాసన చూడమ్మా," అని లోపల్నుంచి కేక వినిపించింది.

ముర్మాన్‌ని ఎవరూ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.