సొరుగులో పాస్‌పోర్టు

ఆమె పేరు నేను అడగలేదు. అది రెండువేల ఐదో, ఆరో సంవత్సరం. సౌదీలోని జెద్దాలో మా ఆసుపత్రి బస్సు వారానికోసారి నర్సుల్ని షరఫియా బజారుకి తీసుకెళ్ళేది. ఆ రోజు నా పక్కన కూర్చున్నది మా హాస్టల్లో కొత్తగా చేరిన క్లీనర్, నరసాపురం వైపు మనిషి.

"మొన్న హాల్లో టీవీ చూశారా సిస్టర్? నేను తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలోంచి చూశానండి" అంది.

చూడకేం! ఏదో దేశంలో చట్టం ఒప్పుకున్న వేశ్యావృత్తి మీద డాక్యుమెంటరీ. అందులో ఒక తెల్లావిడ సొరుగు లాగి తన పాస్‌పోర్టు చూపించింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేసి వెళ్ళిపోతానంది. నా పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. సెలవుకి ఊరెళ్ళాలన్నా, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ సంతకం కావాలి. చర్చికెళ్ళే ఇంట్లో పుట్టినదాన్ని, ఆవిడ మీద జాలిపడాలి. కానీ అసూయతో రెండ్రోజులు అన్నం సయించలేదు.

"అదృష్టమంటే ఆ తెల్లావిడదే" అన్నాను.

"నాకు ఇంగ్లీషు రాదు కదండీ, మాట్లాడేవాళ్ళని వదిలేసి వెనకాల చూశాను. చామనఛాయ పిల్ల ఒకతి ఉంది. వాళ్ళలాగే ముస్తాబైంది, వాళ్ళ పనే చేస్తోంది. రెండుసార్లు చూపించారు, రెండుసార్లూ దుప్పటి మడతపెడుతూనే. ఆ పిల్లని ఎవరూ ఒక్క మాట అడగలేదండీ."

ఒళ్ళో ఉన్న గుడ్డసంచిని, ఆ పిల్లలాగే, అంచులు కలిపి మడిచి చూపించింది.

రోజూ దుప్పట్లు మార్చే నర్సుని, నాకా పిల్ల కనబడనేలేదు. కనబడినందుకు ఈమె మీద కూడా కుళ్ళు పుట్టింది.

ఇన్నేళ్ళయినా ఆ తెల్లావిడ పాస్‌పోర్టు అట్ట రంగు నాకు గుర్తుంది. ఆ పిల్ల రంగు మాత్రం ఈమె చెప్పబట్టే తెలుసు.