లోపలున్న గిరాకీ

పొయ్యి మీద పాలు పొంగే వాసన వస్తే నాకు ఇప్పటికీ సఫియా డాక్టరమ్మే గుర్తొస్తుంది. ఛత్రినాకలో పాలమ్ముకునే ఇంటికి కోడలిగా వచ్చాను నేను. ముందు బర్రెలు, వెనక మేము. ఇంటినిండా పాలే, నా నోటికి మాత్రం చుక్క రాదు. అన్నీ కొనడానికొచ్చే గిరాకీలకే. అందరూ తిన్నాక అడుగున మిగిలింది నాకు. అది తప్పని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

మా పెద్దది పిడికెడంతే పుట్టింది. దవాఖానలో దాన్ని బతికించింది ఈ పిల్లల డాక్టరమ్మే. తల్లి కడుపులోనూ, పుట్టిన కొత్తలోనూ అందిన తిండి మనిషిని పెద్దయ్యాక ఎట్లా కాపాడుతుందో ఏళ్ల తరబడి వెతుకుతుండేది. అందుకే బిడ్డను తూచడానికి ఇంటికీ వచ్చేది. పేడలో చెప్పులు దిగబడినా ముక్కు చిట్లించేది కాదు. నేను రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు వచ్చి, బిడ్డను పక్కన పెట్టి నా పళ్లెం చూసింది. అన్నం, చారు.

"మళ్లా గంత చిన్నగ పుడితే నా చేతుల ఏం లేదు," అంది మా అత్తతో. "కోడలికి రోజూ ఓ గ్లాసు పాలు పొయ్యి, అమ్మా."

అత్త నవ్వింది. "పిల్లల డాక్టరువి, పిల్ల ఇంక పుట్టనే లేదు. నీకేం పని గీడ? బయట గిరాకీలు నిలబడ్డరు, కనవడ్తలేదా?"

"లోపలున్న గిరాకీ వాళ్లకన్నా ముందొచ్చింది," అంది నా కడుపు చూపించి.

అత్తకు కోపమొచ్చింది. "నా కొడుకు గూడ గింతే పుట్టిండు. ఎద్దులెక్క లేడా?"

డాక్టరమ్మ వాదించలేదు. పీట మీద కూర్చుని మెల్లగా అడిగింది. "వాడు కడుపుల ఉన్నప్పుడు నీకెవరన్న పాలు పోసిన్రా, అమ్మా?"

అత్త చేతిలో చెంబు ఆగిపోయింది. మర్నాడు పొద్దున పాలు కాచి, బయటికి పోకముందే నా ముందు గ్లాసు పెట్టింది. "తాగు. ఆ డాక్టరమ్మ లొల్లి నేను పడలేను."

నా కొడుకు నర్సింగు నిండుగా పుట్టాడు. తూచి, "అరే, మస్తున్నడు!" అని డాక్టరమ్మ వాడంతా వినబడేలా అరిచింది.

ఎద్దులాంటి మా ఆయన మాత్రం నడివయసులోనే షుగరుతో, గుండెజబ్బుతో పోయాడు. పలకరించడానికి వచ్చిన డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది అత్త. "చిన్నగ పుట్టిండనేనా?"

"అదొక్కటే అని ఎట్ల చెప్పాలె, అమ్మా? నీ తప్పయితే కాదు. నీకు పోసేటోళ్లు లేకుండిరి."

ఇప్పుడు అత్తా, డాక్టరమ్మా ఇద్దరూ లేరు. నర్సింగు భార్యకు నెలలు నిండుతున్నాయి. పొద్దున గ్లాసు చేతికిస్తే సిగ్గుపడుతుంది.

"అత్తమ్మా, బయట గిరాకీలు నిలబడ్డరు."

"నిలబడనీ," అంటాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా క్యాను మూత తీయను.