సాక్చిలో చిన్నాన్న నిద్రపోయిన మధ్యాహ్నం

మా చిన్నాన్న పోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను టాటానగర్ కద్మాలో మా ఇంటి ముందు కూరల బండి దగ్గర బీరకాయలు ఏరుకుంటున్నాను. "దీదీ, పాపా నహీ రహే" అన్నాడు. తమ్ముడంటే చిన్నాన్న కొడుకు. ఇంట్లో అందరూ తెలుగులో మాట్లాడితే వింటాడు, బదులు మాత్రం హిందీలో ఇస్తాడు. ఎప్పుడు, ఎలా అని నేను అడగలేదు. నా నోటికి వచ్చిన మొదటి మాట "నిద్రలోనా?" అని. వాడు "పతా నహీ దీదీ" అన్నాడు. తెలియదట. బండివాడు బీరకాయలు తూచి సంచిలో వేసేశాడు. నేను వాటిని తెచ్చి గుమ్మంలోనే వదిలేసి ఆటో ఎక్కాను.

పోయినవాళ్ళ గురించి అడగాల్సిన మొదటి మాట అదేనా అని మీకు అనిపించవచ్చు. ఆఖరి నెలల్లో మా అందరి ఆశా అక్కడికి కుదించుకుపోయింది. ఆయన బతుకుతారన్న ఆశ ఎప్పుడో వదిలేశాం. నొప్పి తెలియకుండా ఒక పూట నిద్రపోతే చాలనుకున్నాం. ఆ ఒక్కటీ మా చేతుల్లో ఉందనుకున్నాం.

చిన్నాన్న టాటానగర్‌లో గూడ్స్ బండి గార్డుగా చేసి రిటైరయ్యారు. బండి చివర బ్రేక్‌వాన్‌లో ఒక్కరే కూర్చుని, డ్యూటీ ఉన్నంతసేపూ రెప్ప వాల్చకుండా, పెట్టెలు కుదిపిన ప్రతి కుదుపూ నడుంతో భరించిన మనిషి. డ్యూటీ దిగాక మాత్రం ఎక్కడ ఒరిగితే అక్కడే నిద్ర. గార్డులూ డ్రైవర్లూ విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములు యార్డుల పక్కనే ఉంటాయి. ఇంజన్లు అరుస్తుంటే, వ్యాగన్లు ఢీకొంటుంటే ఆయన అక్కడ గుర్రు పెట్టేవారట. బర్మామైన్స్‌లో ఇల్లు కొన్నప్పుడు కూడా యార్డుకు దగ్గరగానే చూసుకున్నారు. పట్టపగలు కళ్ళ మీద జేబురుమాలు కప్పుకుని, వాచీ దిండు కింద పెట్టుకుని పడుకునేవారు. మేము పిల్లలం చుట్టూ గోల చేస్తుంటే పిన్ని కసిరేది. ఆయన రుమాలు తీయకుండానే "ఉండనీ. ఇంజను పక్కన పడుకున్నోడిని, ఈళ్ళ గోల నన్నేటి చేత్తాది" అనేవారు. అంత సులువుగా ఎలా నిద్ర పడుతుందని ఒకసారి అడిగాను. "నిద్రకి టైమ్‌టేబుల్ ఉండదమ్మీ. సిగ్నల్ పడితే ఎల్లిపోడమే" అన్నారు.

ఎవరింటికి వెళ్ళినా మంచం మీద కూర్చునే ముందు అరచేత్తో ఒకసారి నొక్కి చూడటం ఆయనకు అలవాటు. రన్నింగ్ రూముల్లో నల్లుల వల్ల వచ్చిన అలవాటు అది. నా పెళ్ళికి విడిదింట్లో మంచాలన్నీ వరసగా నొక్కుకుంటూ వెళ్ళి, ఒకదాని దగ్గర ఆగి, "ఇది పెళ్ళికొడుకు పెదనాన్నకి ఇచ్చీండి. ఆయనే కదా కట్నం మాట ఎత్తింది, నల్లులు బాగా ఉన్నాయి దీన్లో" అన్నారు. ఆ పెదమావగారు మర్నాడు వీపు గోక్కుంటూ పీటల దగ్గర నిలబడ్డారు. ఈ సంగతి మా అత్తవారింట్లో ఇప్పటికీ తెలియదు. చదివితే ఇప్పుడు తెలుస్తుంది.

వాళ్ళింట్లో ఒక దూది పరుపు ఉండేది. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో వీధిలోకి దూదేకేవాడు వస్తే పిన్ని దగ్గరుండి కుట్టించుకున్నది. ఏళ్ళు గడిచేసరికి గుమ్మం వైపు సగంలో చిన్నాన్న ఆకారం దిగిపోయింది. భుజాల దగ్గర వెడల్పుగా, నడుం దగ్గర లోతుగా పల్లం. "మీ చిన్నాన్న లైనుకెళ్ళినా సగం మనిషి ఇంట్లోనే ఉంటారే" అని పిన్ని ఆ పల్లం చూపించి నవ్వేది. ఆయన డ్యూటీలో ఉన్న మధ్యాహ్నాలు ఆ పల్లంలో పడుకోవడానికి నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. కొబ్బరినూనె వాసన, బీడీ వాసన వచ్చేది. ఎండాకాలంలో కూడా అందులో పడుకుంటే ఎవరో పట్టుకుని ఉన్నట్టు ఉండేది.

నడుం నొప్పి మొదలైనప్పుడు అందరం బ్రేక్‌వాన్ కుదుపులనే తిట్టుకున్నాం. తైలాలు రాశారు, బెల్టు కట్టారు. అది కుదుపుల నొప్పి కాదనీ, లోపల ఎక్కడో పుట్టిన జబ్బు వెన్నెముకలోకి దిగిందనీ తెలిసేసరికి ఆలస్యమైపోయింది. డాక్టరు మంచాయనే. మాకు కుర్చీలు వేయించి, మెల్లగా, "ఇంటికి తీసుకెళ్ళండి, కంఫర్టబుల్‌గా ఉంచండి" అన్నారు. తిరిగి వస్తుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"అంటే ఏటి చెయ్యాలే?"

నాకూ తెలియలేదు. మందులు ఆయన రాశారు, నొప్పికి బిళ్ళలు ఇచ్చారు. మిగిలినదంతా ఆ ఒక్క మాట. మనిషిని సుఖంగా ఉంచమంటే ఇంట్లో వాళ్ళు ఏం చేస్తారు? దిండు మారుస్తారు, దుప్పటి మారుస్తారు. మేము పరుపు మార్చాలనుకున్నాం.

తమ్ముడు ఫోన్‌లో వెతికి ఆర్గానిక్ లేటెక్స్ పరుపులని ఏవో ఉన్నాయన్నాడు. మందులు కొట్టకుండా పెంచిన రబ్బరు చెట్ల పాలతో చేస్తారట. ఒంటికి మెత్తగా ఉంటూనే నడుముని కిందికి జారిపోనివ్వకుండా ఆపుతుందట. సాక్చి బజారులో ఒక దుకాణంలో ఉన్నాయంటే, వెళ్ళి చూసొస్తామన్నాం. చిన్నాన్న ఒప్పుకోలేదు. "పడుకోవలసినోడిని నేను. నేను సూడొద్దేటి?" అన్నారు. ఆటోలో రెండు దిళ్ళ మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. గుంత వచ్చినప్పుడల్లా ఆయన కళ్ళు మూసుకుంటే, పిన్ని ఆటోవాణ్ణి హిందీలో తిట్టింది. ఆమె హిందీ తిట్లకు మాత్రమే పనికొస్తుంది.

దుకాణం రోడ్డు మీదే. ముందు ఆటోలు, రిక్షాలు, సామాను దింపుతున్న లారీలు. చిన్నాన్న లోపలికి రాగానే, అలవాటుగా, అరచేత్తో పరుపు నొక్కారు. తీశారు. పరుపు వెంటనే పైకి లేచి చదునుగా అయిపోయింది. సేల్స్‌మన్ సంబరంగా "నిశాన్ నహీ పడ్‌తా, అంకుల్" అన్నాడు. గుర్తు పడదట. చిన్నాన్న వంగి వాసన చూసి, "కొత్త హవాయి చెప్పుల వాసనొత్తంది" అన్నారు.

వెల్లకిలా పడుకోబెట్టాం. నడుము కింద చెయ్యి పెట్టి చూడమన్నాడు సేల్స్‌మన్. చెయ్యి తేలిగ్గా దూరిపోతే పరుపు మరీ గట్టిదట, అసలు దూరకపోతే మరీ మెత్తనిదట, కాస్త బిగువుగా దూరితే సరైనదట. నేను పెట్టాను. నా చేతికి పరుపు సంగతి ఏమీ తెలియలేదు. ఎముక తగిలింది, ఇంకేమీ తగల్లేదు. చెయ్యి లాగేసుకుని "సరిపోయింది" అన్నాను. పక్కకి తిరిగి పడుకోమన్నాడు. వెన్ను తిన్నగా ఉందో లేదో తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. సేల్స్‌మన్ ఇరవై ఏళ్ళ గ్యారంటీ అన్నాడు. మేము ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. చిన్నాన్నే నవ్వారు. "అంత దూరం నా బండికి లైన్ క్లియర్ లేదు బాబూ" అన్నారు తెలుగులో. అతనికి అర్థం కాక, అతనూ నవ్వాడు.

తర్వాత జేబులోంచి రుమాలు తీసి కళ్ళ మీద కప్పుకున్నారు. ఆట పట్టిస్తున్నారనుకున్నాం. కాసేపటికి గుర్రు వినిపించింది.

ఆయన గుర్రు విని ఎన్నాళ్ళయిందో. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడు మోకాళ్ళ మీద నుంచి లేవలేదు, లేస్తే చప్పుడవుతుందని. సేల్స్‌మన్ చూసి, కొనడానికి వచ్చిన ఒక జంటని చెయ్యి ఊపి అవతలి వైపు పంపించి, మాకు టీ తెప్పించాడు. బయట లారీ హారన్లు, రిక్షా గంటలు, కూలీల కేకలు. చిన్నాన్న గాజు తలుపు అవతల మొత్తం సాక్చిని పెట్టుకుని నిద్రపోయారు. లేచాక "దిగాల్సిన స్టేషను దాటీసేనేటి?" అన్నారు. ఆ పరుపే కావాలని అక్కడికక్కడే చెప్పేశాం.

పరుపు వచ్చిన రోజు పాత దూది పరుపుని పాత సామాన్లు కొనే కబాడీ వాడికి ఇచ్చేశాం. తైలాల కంపు కొడుతోంది, ఆ ఇంట్లో రెండో పరుపుకు చోటూ లేదు. "తీసుకుపొమ్మనండి" అని పిన్నే అంది.

ఆ వేళ చిన్నాన్నకు నిద్ర పట్టలేదు. మర్నాడూ పట్టలేదు. తలవైపు కాళ్ళవైపుకి మార్చాం. కింద చెక్క వేశాం, తీశాం. నడుం కింద తువ్వాలు చుట్టి పెట్టాం. దుకాణానికి ఫోన్ చేస్తే, ఒంటికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుందన్నాడు సేల్స్‌మన్. వారాలు ఎక్కడి నుంచి తేవాలో అతన్ని అడిగితే ఏం లాభం? వెళ్ళినప్పుడల్లా నేను "మెత్తగా ఉందా చిన్నాన్నా, గట్టిగా ఉందా?" అనేదాన్ని. పిన్ని అదే అడిగేది, తమ్ముడు అదే హిందీలో అడిగేవాడు. ఒకరోజు ఆయనకు విసుగొచ్చింది. "ఏటి చెప్తే మీకు నిద్ర పడతాదో చెప్పండి, అదే చెప్పీత్తాను" అన్నారు.

మాకు తోచిందల్లా చేశాం. కిటికీలు మూసి దళసరి పరదాలు కట్టాం. పక్కింటివాళ్ళు పాపం టీవీ తగ్గించుకున్నారు. పిన్ని కుక్కర్ మానేసి గిన్నెలో అన్నం వండింది, ఈల వేస్తుందని. ఇంట్లో అందరం గుసగుసలే. ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఉంటే చిన్నాన్న కళ్ళు తెరిచి, "ఇంత నిశ్శబ్దమేటమ్మీ? యార్డు మూసీసేరా?" అన్నారు.

గార్డుగా బతికిన మనిషికి బండి చప్పుడు వినపడకుండా చేసి, నిద్రపోమంటున్నాం. గార్డు పెళ్ళాం, గార్డు కొడుకు, గార్డు అన్న కూతురు, ముగ్గురికీ తట్టలేదు. లేచి కిటికీ తెరిచాను. ఎండ, బొగ్గు దుమ్ము, వాటితో పాటు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతున్న వ్యాగన్ల చప్పుడు లోపలికి వచ్చాయి. ఆయన తల కాస్త ఎత్తి విన్నారు. "ఖాళీ రేకు" అన్నారు, అంటే సరుకు లేని బండి అని. చెయ్యి దిండు మీద తడుముకుంటే రుమాలు అందించాను. ఆ మధ్యాహ్నం నిద్రపోయారు. పిన్ని వంటింట్లో కుక్కర్ పెట్టి, ఈల వస్తుంటే ఏడ్చింది.

ఇక్కడితో ఆపగలిగితే బాగుండేది. మర్నాడు కిటికీ తెరిచే ఉంది, యార్డు నడుస్తూనే ఉంది, పరుపు అదే పరుపు. నొప్పి మాత్రం నిన్నటిది కాదు. తర్వాత ఏ చప్పుడూ, ఏ మెత్తదనమూ ఆయన దాకా చేరలేదు. బిళ్ళలు పెంచారు. నేను ఇంకో రకం దిండు తెస్తానని లేస్తుంటే చిన్నాన్న నా కొంగు పట్టుకున్నారు.

"పరుపుది తప్పు కాదమ్మీ. లైను బాగానే ఉన్నాది. బండే పోయింది."

నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. కూర్చుండిపోయాను.

ఆయన పోయిన ఉదయం పిన్నీ తమ్ముడూ దగ్గరున్నారు. ఊపిరి మారింది. మా వాళ్ళలో మంచం మీద ప్రాణం పోకూడదంటారు, నేల మీదికి దించుతారు. పిన్ని చాప పరిచింది, ఇద్దరూ కలిసి దించారు. కాసేపటికే అయిపోయింది. ఇదంతా పిన్ని నాకు కర్మలన్నీ అయ్యాక చెప్పింది. "కళ్ళు మూసుకునే ఉన్నారే. గుర్రు లాగే ఇనపడింది. నిద్రే పట్టిందేమో. నేనే దించి లేపీసేనేమో." నేను ఏదో ఒకటి అనాలి. కాదు పిన్నీ, అది నిద్ర కాదు అనాలా? నిద్రే అనాలా? రెండింటిలో ఏది చెప్పినా ఆమెకు దెబ్బే. తమ్ముడు ఫోన్‌లో తెలియదని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది.

చాప ఆయనతోనే వెళ్ళిపోయింది. పరుపు ఉండిపోయింది. ఆ మాట చెప్పిన రోజు పిన్ని దాని మీదే గోడ వైపు, తన సగంలో కూర్చుని, గుమ్మం వైపు సగాన్ని తడుముతోంది. దుకాణం నుంచి వచ్చిన రోజు ఎంత చదునుగా ఉందో ఇప్పుడూ అంతే చదునుగా ఉంది. భుజం లేదు, నడుం లేదు. కబాడీ వాణ్ణి వెతకడానికి తమ్ముడు రెండు సార్లు వెళ్ళొచ్చాడట. పాత దూదిని ఎవరుంచుతారు?

కిటికీ అవతల ఏదో బండి కదిలింది. లోడుదో ఖాళీదో చెప్పేవాళ్ళు లేరు. పిన్ని ఆయన పడుకునే చోట అరచెయ్యి ఆనించి నొక్కింది. చేతి చుట్టూ చిన్న పల్లం పడింది. చెయ్యి తీస్తే అది పోతుంది. వచ్చేసేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. పిన్ని ఇంకా చెయ్యి తీయలేదు.