ఏ ఫోన్ ఎటు పోవాలె

మహబూబ్‌నగర్ కాల్ సెంటర్‌లో త్రివేణి పని ఫోన్లు ఎత్తడం కాదు, పంచడం. బోరు మోటార్లు తయారుచేసే ఓ కంపెనీకి రైతుల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో హైదరాబాద్ ఆఫీసుకు ఎన్ని పోవాలో, మహబూబ్‌నగర్‌కు ఎన్ని రావాలో ఆమె కంప్యూటర్ మీద చూసి మారుస్తూ ఉంటుంది. కూతురు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే గొర్రెలు కాసే ఆమె తండ్రి మల్లన్న, "అటు పోయే ఫోన్లను ఇటు మలుపుతది" అనేవాడు. అంతకంటే బాగా త్రివేణి కూడా చెప్పలేకపోయేది.

మొదట్లో ఆమె కూడా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, తోటి ఉద్యోగి కోమల పక్కన ఫోన్లు ఎత్తుతూ కూర్చున్నదే. అప్పట్లో ఇక్కడివాళ్ల భాష మోటుగా ఉంటుందని, హైదరాబాద్‌లో ఎత్తగా మిగిలిన ఫోన్లు మాత్రమే ఇటు పంపేవారు. ఇవాళో రేపో ఆఫీసు ఎత్తేస్తారన్న మాట వినబడుతుండేది. అందుకే ఫోన్లు పంచే కుర్చీలోకి రాగానే త్రివేణి వీలున్నప్పుడల్లా తమ వైపు కాస్త ఎక్కువే మలిపింది. రైతుకు తన మాటలోనే జవాబు దొరకడంతో ఇక్కడ ఫోన్లు తొందరగా తేలిపోయేవి. హైదరాబాద్ మేనేజర్ విజేందర్ మెచ్చుకున్నాడు. ఆఫీసు మూసేస్తారన్న ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అంతలో ఎండాకాలం వచ్చింది. వోల్టేజి పడిపోయి ఊరూరా మోటార్లు కాలిపోతుంటే ఫోన్లు ఊపిరి సలపనివ్వలేదు. ఎవరు ముందు ఖాళీ అయితే వాళ్లకే తర్వాతి ఫోన్ వెళ్తుంది. అందరిలోకి చురుకైనది కోమల కాబట్టి అన్నీ ఆమె మీదే వచ్చి పడేవి. గొంతు బొంగురుపోయింది.

"ఏందే త్రివేణి, జల్ది చేసినోళ్లకు గిదేనా ఇనాము?" అని నవ్వుతూనే అడిగింది ఒకసారి.

"గీ ఎండలు పోయేదాంక జర ఓర్చుకోవే" అని త్రివేణీ నవ్వేసింది.

ఒక మధ్యాహ్నం కోమల హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, బయటికెళ్లి మెట్ల మీద కూలబడింది. త్రివేణి వెనకే వెళ్లి చూస్తే ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"ఒక అవ్వ ఫోన్ చేసింది. మోటర్ నడుస్తలేదంటే రాసుకున్న, పెట్టేసిన. పెట్టేసేటప్పుడు ఇంకేమో అంటాంది. స్టార్టర్ డబ్బ ముట్టుకుంటే కరెంటు జుమ్మంటాంది అన్నదే. చెవుల పడ్డది గని మనసుకు పట్టలే. ఎనకనే ఇంకో ఫోన్ వచ్చె, దానెనక ఇంకోటి."

త్రివేణి ఆమెను చెయ్యి పట్టి లేపింది. "లే, నీకు ఫోన్లు రాకుంట ఆపుత. ముందుగాల అవ్వకు కలుపు."

ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశారు. ఈసారి అవ్వ ఎత్తింది.

"ఎవలు బిడ్డా?"

"బిక్షమ్మవేనా అవ్వా? స్టార్టర్ డబ్బ ముట్టలేదు గదా?" అని అడిగింది కోమల.

"గాడికే పోతున్న. మూత తీసి చూద్దామని."

"వద్దవ్వా! దగ్గరికే పోకు. లైన్‌మన్‌కు మేం చెప్తం. ఆయనొచ్చి కరెంటు బందు చేసినంకనే మా మెకానిక్ ముడుతడు. అప్పటిదాంక పసులను గూడ అటు పోనియ్యకు."

"గట్లనే బిడ్డా. ఇందాక జెప్తే ఇనలేదనుకున్న."

"ఇన్ననవ్వా. జర ఆలస్యంగ ఇన్న" అంది కోమల, కళ్లు తుడుచుకుంటూ.

త్రివేణి తన కుర్చీలోకి వచ్చి, మహబూబ్‌నగర్‌కు వచ్చే ఫోన్లలో సగం హైదరాబాద్‌కు మలిపేసింది. కాసేపటికే విజేందర్ ఫోన్ చేశాడు.

"ఏమైంది త్రివేణి? ఇక్కడ రైతులు లైన్ల ఆగి తిడుతున్నరు."

ఆమె జరిగింది చెప్పింది. "మా ఆఫీసు నిలవాలని ఫోన్లన్ని మావోళ్ల మీదనే పోసిన సార్. ఫోన్‌కు ఫోన్‌కు నడుమ జర ఊపిరి తీసుకునే సందు ఉండాలె."

"నువ్వనేది నిజమే. కానీ మావాళ్లకు రైతులు చెప్పేది సగం అర్థం కాదు. ఒక్కో ఫోన్ ఎంతసేపు పడ్తదో నీకు తెల్వదా?"

"కొందరిని ఇటు పంపున్రి సార్. కోమల పక్కన కూసోని ఇంటే వాళ్లకే పట్టువడుతది."

విజేందర్ వెంటనే ఒప్పుకోలేదు. పైవాళ్లకు తాను జవాబు చెప్పుకోవాలన్నాడు. కానీ ఆ వారమే నలుగురిని రైలెక్కించాడు. వాళ్లలో సురేశ్ అనే అతను మొదటి రోజు ఎవరో రైతు "మోటర్ నీళ్లు గుంజుతలేదు" అంటే ముసిముసిగా నవ్వాడు. తిరిగి వెళ్లేనాటికి "ఎప్పటిసంది గుంజుతలేదు పెద్దనాయినా?" అని తనే అడుగుతున్నాడు. ఫోన్‌కూ ఫోన్‌కూ నడుమ కొంచెం విరామం కూడా పెట్టించారు. తొందరగా తేల్చే ఆఫీసన్న పేరు ఆ ఎండాకాలం పోయింది. కోమల గొంతు మాత్రం బాగుపడింది.

నిరుడు ఆ కంపెనీ హుజూర్‌నగర్‌లో మూడో ఆఫీసు తెరిచింది. ఫోన్ల పంపకం కుదిర్చి రమ్మని త్రివేణిని, కొత్తవాళ్లకు నేర్పమని కోమలను పంపారు. మొదటి పొద్దు కొత్త పిల్లలంతా హెడ్‌ఫోన్లు సర్దుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

"మేడమ్, అన్నీ ఒక్కపారే వస్తయా?" అని అడిగింది ముందు కూర్చున్న శ్రీదేవి.

"లేదు బిడ్డా. నువ్వొక్కటి పూరాగ ఇను. అది అయినంకనే ఇంకోటి నేనంపుత" అంది త్రివేణి. ఒకే ఒక్క ఫోన్ అటు మలిపింది. శ్రీదేవి గొంతు సవరించుకుని, "చెప్పున్రి" అంది.