నింపని ట్యాంకు నిండింది

ఎత్తు ఎక్కుతుండగా మధ్యలో బండి ఆగిపోయింది. ముందు ట్యాంకులో చుక్క లేదు. దిగి చూస్తే వెనక ట్యాంకు మూత చుట్టూ డీజిల్ కారుతోంది. దసరాకి హెలెన్స్‌బర్గ్ గుడిలో వాహన పూజ చేయించుకుని తిరిగొస్తున్నాం. బానెట్ మీద గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు.

మా ఆవిడ డాష్‌బోర్డు మీది స్విచ్‌ని వెనక ట్యాంకు వైపు నొక్కింది. మీటరు ముల్లు లేచి ఫుల్ గీత దాటి నిలబడింది.

"నిన్న ముప్పావే ఉంది కదండీ ఇందులో. మీరేమన్నా ఫిల్ చేశారా?"

"నేనా? దాని మూత ఎటు తిప్పాలో కూడా నాకు తెలీదు."

"అదీ నిజమేలెండి."

బానెట్ ఎత్తి, ఫిల్టర్ మీదుండే చిన్న పంపును అరచేత్తో నొక్కుతూ పైపుల్లో చేరిన గాలిని పోగొట్టింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. కెల్లీవిల్‌లో ఇల్లు చేరేదాకా వెనక ట్యాంకు మీదే వచ్చాం.

అది పాత డీజిల్ యూట్. వెనక సామాన్ల తొట్టి, కింద రెండు ట్యాంకులు. మా ఆవిడ పొలాల్లో మట్టి పరీక్షలు చేస్తుంది. పత్తి విత్తే రోజుల్లో పడమటి ఊళ్లకు ఒక్కతే వెళ్తుంది. అక్కడ బంకుకూ బంకుకూ మధ్య దూరం చూసే ఈ బండి కొంది. వచ్చే సోమవారం బయల్దేరాలి. బండి సిద్ధంగా లేకపోతే ఆ సీజన్ పని మరొకరికి పోతుంది. విత్తడం ఆపుకుని ఎవరి కోసమూ ఏ రైతూ ఎదురుచూడడు.

ఇంటికి రాగానే మెకానిక్‌కి ఫోన్ చేశాను. రెండో ట్యాంకును విప్పేసి ఒక్కదానితో నడుపుకోమన్నాడు. పాత బండ్లకు అదే సుఖమట. స్పీకర్‌లో విన్న మా ఆవిడ, "ఒక్క ట్యాంక్‌తో నేను మధ్యలో ఆగిపోతే ఈయనొచ్చి తోస్తాడా? కనుక్కోండి," అంది తెలుగులో. నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను.

నా అనుమానం మాత్రం బొట్టు మీద ఉంది. ఏటా పూజలో ఆమె స్టీరింగ్‌కీ, గేరుకీ, ఆ స్విచ్‌కీ కూడా తడి గంధం పెట్టి కుంకుమ అద్దుతుంది. స్విచ్ అంచుల్లో ఎర్రటి పొడి గట్టిపడి ఉంది.

"ఇన్నేళ్ల కుంకుమ లోపలికి దిగి ఉంటుంది. కాంటాక్ట్ అందడం లేదేమో."

"పేపర్లో పనిచేసేటప్పుడు ఎవరి మీదైనా రాసేముందు చెక్ చేసుకునేవాళ్లు కదా? చేద్దాం రండి. రేపు ఆఫ్టర్‌నూన్ ఫ్రీగా ఉండండి."

మర్నాడు మధ్యాహ్నం ఆమె తొట్టి కింద దూరింది. నేను లోపల కూర్చుని చెప్పినప్పుడల్లా స్విచ్ నొక్కాను. డీజిల్ ఇంజన్ తీసుకున్నదంతా కాల్చదు. మిగిలింది ఇంకో పైపు ద్వారా తిరిగి ట్యాంకులోకి పోతుంది. అందుకే బండి కింద రెండు వాల్వులున్నాయి, ఒకటి ఇంజన్‌కి వెళ్లే డీజిల్‌కి, ఇంకొకటి తిరిగొచ్చేదానికి. స్విచ్ నొక్కితే రెండూ కలిసి మారాలి. మీటరు కూడా అప్పుడు ఆ ట్యాంకునే చూపిస్తుంది.

"ఇదొక్కటే టిక్‌మంటోంది. మళ్లీ నొక్కండి. రిటర్న్‌ది కదలట్లేదు."

"చూశావా, కుంకుమ!"

"ఉండండి బాబూ."

టెస్ట్ లైట్ తీసుకుని రెండు వాల్వుల ప్లగ్గుల్లోనూ పెట్టింది. నేను నొక్కినప్పుడల్లా రెండు చోట్లా బల్బు వెలిగింది. అంటే స్విచ్ నుంచి కరెంటు సక్రమంగానే వస్తోంది.

"ఇప్పుడు అమ్మవారికి సారీ చెప్పండి," అంది కింద నుంచి.

తిరిగొచ్చేదాని వాల్వు వెనక ట్యాంకు వైపే బిగుసుకుపోయింది. ముందు ట్యాంకు నుంచి తోడిన డీజిల్లో మిగిలినదంతా వెనకదాంట్లోకి చేరుతోంది. అందుకే ఒకటి ముందుగానే ఎండింది, ఇంకొకటి పొంగింది. ముందు ట్యాంకు మీద ఉన్నప్పుడు మీటరు పనిచేయడం ఎప్పుడో మానేసింది. తిరిగిన కిలోమీటర్ల లెక్క మీదే నడిపేవాళ్లం కాబట్టి ఈ సంగతి మా కంట పడలేదు.

వాల్వు విప్పి శుభ్రం చేస్తే కదిలింది గానీ బద్ధకంగా కదిలింది. దాన్ని నమ్మనంది. తుక్కు బండ్ల యార్డులో అలాంటిదే ఇంకొకటి వెతికి తెచ్చి బిగించింది. తర్వాత రెండు ట్యాంకుల రిటర్న్ పైపుల కొసలకు ఖాళీ జ్యూస్ సీసాలు పెట్టి ఇంజన్ తిప్పింది. స్విచ్ ముందుకు నొక్కితే ముందు సీసాలో, వెనక్కి నొక్కితే వెనక సీసాలో డీజిల్ పడింది. నేను చప్పట్లు కొట్టబోతే, "కొండెక్కాక కొడదాం," అంది.

ఆదివారం బ్లూ మౌంటెన్స్ ఎక్కి దిగాం. ముందు ట్యాంకు మీద నడుపుతూ, మధ్యమధ్య స్విచ్ మార్చి వెనకదాని ముల్లు చూశాం. చదును రోడ్డు మీద కదల్లేదు. పొడవాటి ఎత్తు ఎక్కి దిగాక మాత్రం వెంట్రుకవాసి పెరిగినట్టుంది.

"ఏటవాలులో డీజిల్ కదిలి అలా చూపిస్తోందేమో," అన్నాను.

"కావచ్చు. ఈ వాల్వూ కొంచెం లీకవుతుండొచ్చు."

"మరి రేపు?"

"వెళ్తాను. వెనకదాన్ని పూర్తిగా నింపను, పావు వంతు ఖాళీ ఉంచుతా. చేరినా పొంగదు."

సోమవారం పొద్దున ముందు ట్యాంకు నింపుకుని వెళ్లింది. మీటరు అద్దం మీద, వెనక ట్యాంకుకి ముల్లు ఉన్నచోట సన్నటి టేపు ముక్క అంటించింది. చేరాక ఫోన్ చేసి ముల్లు టేపుకి కాస్త పైన ఉందని చెప్పింది. అది వాల్వు లీకా, ముల్లు తప్పా అన్నది ఇంకా తేలలేదు.