పాత కంపెనీ నుంచి ఏం తెచ్చారు?

ఇవాళ పొద్దున గుణదల దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, పక్కన నిలిచిన లారీలోంచి రొయ్యల మేత వాసన కారులోకి వచ్చింది. ఎండుచేపలూ తవుడూ కలిసిన ఘాటు. అద్దం ఎత్తబోయి ఆగిపోయాను. నాకు పని నేర్పిన వసుంధర గారు గుర్తొచ్చారు.

అప్పట్లో నేను విజయవాడ శివార్లలో రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. ఆవిడ మా పోటీ కంపెనీలో పన్నుల వ్యవహారాలు చూసి, అక్కడ మానేసి మా దగ్గర చేరారు. వాళ్ళు మాకంటే తక్కువ పన్ను కడతారని అందరూ అనుకునేవారు. ఆ కిటుకు కోసమే మా ఎండీ గారు ఆవిణ్ణి ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకున్నారని ఆఫీసంతా గుసగుసలు. నేనూ నమ్మాను. అన్నం పెట్టిన చోటి గుట్టు అమ్ముకునే మనిషి అనుకుని, ఆవిడ అటుగా వస్తే నా కంప్యూటర్ తెర కాస్త పక్కకు తిప్పుకునేదాన్ని.

మొదటి మీటింగులోనే ఎండీ గారు తలుపు వేయించారు. "వాళ్ళు చెరువుల్లో ప్రయోగాలంటూ పరిశోధన ఖర్చు చూపించి, దానికిచ్చే రాయితీతో పన్ను తగ్గించుకుంటున్నారంట కదండీ. మనమూ అలాగే రాసేద్దాం."

"వాళ్ళ సంగతి నేను చెప్పనండి," అన్నారావిడ. "మనం ప్రయోగాలు చేస్తున్నామా?"

"లేదనుకోండి."

"అయితే ముందు చేద్దాం. ఒకరి కొలతలకు కుట్టిన జాకెట్టు ఇంకొకరికి పట్టదండీ."

కైకలూరు వైపు చెరువులు లీజుకు తీసుకున్నారు. గట్టు పక్కన చిన్న ల్యాబు వెలిసింది. ఏ మేతకు రొయ్య ఎలా పెరుగుతోందో నిజంగానే పరీక్షించారు. ఆవిడ నన్ను వెంట తీసుకెళ్ళి, ఏ ఖర్చు పరిశోధన కిందికి వస్తుందో, ఏది రాదో అక్కడే చూపించేవారు. "చట్టం ఇచ్చింది వదలకు, ఇవ్వనిది అడక్కు," అనేవారు. పన్ను తగ్గింది. నా అనుమానం మాత్రం తగ్గలేదు. ఎంత నిజాయితీగా చేసినా, ఈ దారి ఆవిడకు పాత చోటే తెలిసింది కదా?

కొన్నాళ్ళకు ఇంకో కంపెనీ వాళ్ళు ఆవిణ్ణి రమ్మంటున్నారని ఎండీ గారి చెవిన పడింది. తెచ్చుకునేటప్పుడు ముద్దొచ్చిన తెలివే ఇప్పుడు ఆయనకు గుబులైంది. మీటింగులకు పిలవడం మానేశారు. ఆవిడ రాజీనామా ఇచ్చి వెళ్ళిపోతున్న రోజు, గేటు దగ్గర సెక్యూరిటీ అతను బ్యాగు తెరవమన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ టిఫిన్ బాక్సు మూత కూడా తీసి చూపించారు.

"తలకాయ కూడా విప్పి చూపించమంటావా నాయనా?"

అతను తల దించుకున్నాడు.

మర్నాడు ఎండీ గారు నన్ను పిలిచి, "ఆవిడ చేసిన పనంతా నీకు వచ్చు కదమ్మా?" అన్నారు. వచ్చునన్నాను. ఆ సాయంత్రం నుంచి గేటు దగ్గర నా బ్యాగూ తెరిపించారు.

తర్వాత నేనూ కంపెనీ మారాను. చేరిన చోట కూడా చెరువులు, ల్యాబు పెట్టించాను. ఆ సంగతి చెబుదామని ఆవిడకు ఫోన్ చేసి, ఎన్నాళ్ళుగానో లోపల నలుగుతున్న ప్రశ్న అడిగేశాను. "నిజం చెప్పండి మేడం, అప్పుడు పాత కంపెనీ నుంచి ఏమైనా తెచ్చారా?"

"నువ్వేం తీసుకెళ్ళావో చెప్పు, నేనూ చెబుతాను," అని నవ్వారావిడ.

నేను కాగితం ముక్క కూడా తీసుకెళ్ళలేదు. అలాగని ఉత్త చేతులతోనూ వెళ్ళలేదు. మాట మార్చేశాను.

ఇప్పుడు మా విభాగంలోకి మనుషుల్ని నేనే ఎంచుకుంటున్నాను. పోటీ కంపెనీ నుంచి వచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చున్నప్పుడు, అక్కడ పన్ను ఎలా తగ్గించుకుంటున్నారన్న ప్రశ్న నాలుక చివరిదాకా వస్తుంది. ప్రతిసారీ వస్తుంది. దాన్ని మింగేసి, మా ఫ్యాక్టరీ చూద్దాం రండి అని లేస్తాను.