పక్కింటి ఆంటీకి తిరిగొచ్చిన దేశం

న్యూజిలాండ్‌లోని మౌంట్ రాస్కిల్‌లో మేం అద్దెకున్న ఇంటి పక్కన ఉగాండా నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. ఇద్దరికీ అరవై దాటాయి, పిల్లలు లేరు. ఆయన సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఆవిడ ఒక వృద్ధాశ్రమంలో వంట చేసేవారు. అంకుల్, ఆంటీ అనే పిలిచేదాన్ని. మా మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే సాగేవి; అయినా అవి నాకిప్పుడు తెలుగులోనే గుర్తొస్తాయి.

వాళ్లు న్యూజిలాండ్ పౌరసత్వం తీసుకున్న రోజుల్లో ఉగాండా చట్టం రెండో దేశపు పౌరసత్వాన్ని ఒప్పుకునేది కాదు. ఇక్కడిది రాగానే అక్కడిది పోయింది. తర్వాత చెల్లెలు చనిపోతే ఆంటీ విజిటర్ వీసా మీద వెళ్లారు.

"నేను పుట్టిన గడ్డ మీద నన్నే అడిగారమ్మా, ఎక్కడ దిగుతారు, ఎన్నాళ్లుంటారు అని" అన్నారు ఓసారి, బట్టలారేస్తూ. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు.

2009లో అక్కడ చట్టం మారింది. రెండు పౌరసత్వాలూ ఉండొచ్చు, పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ అడగొచ్చు. ఆ వార్త ప్రింటు పట్టుకుని ఆంటీ మా ఇంటికొచ్చారు. అప్పటికి ఇక్కడి పౌరసత్వం కోసం నింపిన నా సొంత ఫారం సంతకం లేకుండా డ్రాయర్‌లో పడి ఉంది. సంతకం చేస్తే నా భారత పౌరసత్వం పోతుంది. అందుకేనేమో, ఆవిడ పని నా పనిలా మీదేసుకున్నాను. సర్టిఫికెట్లు ఆఫీసులో స్కాన్ చేశాను, ఫారం నింపాను. అంకుల్ కోసం ఇంకో ఫారం తీసుకెళ్తే ఆయన ముట్టుకోలేదు.

"మా అన్నను సైనికులు ఇంట్లోంచి తీసుకుపోయారు. శవం కూడా ఇవ్వలేదు. ఆ పాస్‌పోర్టు నాకెందుకు?"

"వాళ్లెవరూ ఇప్పుడు లేరు కదా" అన్నారు ఆంటీ.

"అన్న కూడా లేడు."

ఆంటీ నా వైపు చూసి, ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నారు.

పాస్‌పోర్టు వచ్చాక, చెల్లెలి పిల్లల్ని చూసి మూణ్నెల్లలో వచ్చేస్తానని భర్తకు చెప్పి బయల్దేరారు. టికెట్ బుక్ చేసింది నేనే. వెళ్లడానికి మాత్రమే చేయమన్నారు.

"మరి తిరుగు టికెట్, ఆంటీ?"

"ఇప్పుడు నన్ను ఎన్నాళ్లని ఎవరూ అడగరు కదమ్మా" అని, "ఆయనతో అనకు" అన్నారు.

నేను అనలేదు.

మూణ్నెల్లు ఆరయ్యాయి. మొదట్లో వారానికోసారి వచ్చే ఫోను నెలకోసారైంది. ఒక ఆదివారం నేను చెత్తబిన్ను బయట పెడుతుంటే అంకుల్ కంచె దగ్గరికి వచ్చారు. గడ్డం మాసి ఉంది.

"ఆమె తిరుగు టికెట్ తీసుకుందా? నీకు తెలిసే ఉంటుంది."

"తెలీదు, అంకుల్."

ఆయన నా మొహంలోకి చూసి, సరేనన్నట్టు తలూపి లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి అడగలేదు. నాతో మాట్లాడటమే తగ్గించేశారు.

చలికాలం ముగిసేలోపు ఆ ఇల్లు ఖాళీ చేసి, ఊరికి దూరంగా పాపకూర అనే చోట ఒక్క గది ఉన్న చిన్న యూనిట్‌కి మారారు. సామాను వ్యానెక్కించడానికి మా ఆయన సాయం వెళ్లాడు. నేను ఆఫీసులో పనుందని చెప్పి, ఆ శనివారం పొద్దున్నే బస్సెక్కి సిటీకి వెళ్లిపోయాను.